పాస్‌వర్డ్ మార్చాం, అది చాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. నీట్ కోసం ఒక యాప్‌లో పాఠాలు వింటోంది. ‘కొందరి వివరాలు బయటికి పొక్కాయి, పాస్‌వర్డ్‌లు హ్యాష్ చేసి ఉన్నాయి కాబట్టి భయం లేదు’ అని కంపెనీ మెయిల్ పెట్టింది. పాస్‌వర్డ్ మార్చేశాం. అది చాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: చాలదమ్మా. హ్యాష్ చేయడమంటే పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని అక్షరాలు, అంకెలుగా మార్చి దాచడం. బియ్యాన్ని పిండి పట్టించడం లాంటిది. పిండి మళ్లీ బియ్యం కాదు, నిజమే. కానీ దొంగ ఊరుకోడు. పేరు పక్కన 123, పుట్టిన సంవత్సరం, ఇలా జనం పెట్టుకునేవన్నీ తానూ పిండి పట్టి, దొరికిన దానితో పోల్చి చూస్తాడు. అమెరికాలో చెగ్ అనే చదువుల కంపెనీ నుంచి 2018లో సుమారు 4 కోట్ల మంది వివరాలు పోయాయి. వాళ్లు వాడింది ఎండీ5 అనే పాతబడిన పద్ధతి. కొన్ని నెలలకే దాదాపు రెండున్నర కోట్ల పాస్‌వర్డ్‌లు ఉన్నవి ఉన్నట్టు బయటపడ్డాయి.

అందుకే ముందు అమ్మాయి మెయిల్ సంగతి చూడండి. యాప్‌కీ మెయిల్‌కీ ఒకటే పాస్‌వర్డ్ ఉందేమో అడగండి. మెయిల్ చేజిక్కితే ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కి మిగతావన్నీ తెరిచేస్తారు. కొత్త పాస్‌వర్డ్‌తో పాటు రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కొచ్చే కోడ్ లాంటిది కూడా అడిగే ఏర్పాటు) ఇవాళే పెట్టించండి.

‘కొందరి’ అన్న మాట చూసి మనం అందులో లేములే అనుకోకండి. 2020 మేలో అన్‌అకాడమీ అనే ఆన్‌లైన్ పాఠాల కంపెనీ వాడకందారుల వివరాలు అమ్మకానికొచ్చినప్పుడు, అందులో 2 కోట్లకు పైగా అకౌంట్లు ఉన్నాయని సైబల్ అనే సైబర్ భద్రతా సంస్థ చెప్పింది. కంపెనీ మాత్రం 1.1 కోట్లంది.

నాకు అసలు బెంగ పాస్‌వర్డ్ గురించి కాదు. చెగ్‌లో పోయినవాటిలో స్కాలర్‌షిప్‌ల కోసం పిల్లలు నింపిన వివరాలూ ఉన్నాయి: పుట్టిన తేదీ, మతం, చివరికి అమ్మానాన్నల ఆదాయం ఎంత నుంచి ఎంత లోపలో కూడా. అవి మార్చుకునేవి కావు. రేపు ఎవరో ఫోన్ చేసి, మీ అమ్మాయి పేరూ పరీక్షా సరిగ్గా చెప్పి, ‘మేనేజ్‌మెంట్ కోటాలో సీటుంది, సాయంత్రంలోగా అడ్వాన్స్ కట్టండి’ అంటే ఏ తల్లికైనా గుండె లాగుతుంది. అంత ఆశ ఉన్నచోటే వాళ్లు గాలం వేస్తారు. ఫోన్ పెట్టేసి, మీరే ఆ కాలేజీ నంబరు వెతికి అడగండి. డబ్బు పోతే మాత్రం గంట కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

యాప్ ప్రొఫైల్‌లో చిరునామా, ఆదాయం లాంటివి తప్పనిసరి కాకపోతే తీసేయండి. ఏమేం బయటికి పోయాయో రాసివ్వమని కంపెనీకి మెయిల్ పెట్టండి. పరీక్ష అయిపోగానే అకౌంటు మొత్తం తొలగించమని కూడా అందులోనే అడగండి.