నూకాలు తాడు ఎవరు విప్పారు?

నాకు 26 ఏళ్లు. సీతమ్మధారలో అమ్మతో ఉంటాను. ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. నాన్న పోయి నాలుగేళ్లయింది. హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య నన్ను ఒక రోల్‌ప్లే గ్రూపులో చేర్చాడు. ఎనిమిది మందిమి రాత్రిపూట ఆన్‌లైన్‌లో కథ రాస్తూ ఆడతాం. ఎవరి పాత్రని వాళ్లే నడపాలి. నా పాత్ర నూకాలు, పడవ నడుపుతుంది. అన్నయ్యది రేవు దళపతి. వేట నిషేధం రోజులు కాబట్టి నూకాలు పడవ తీయనంది. అన్నయ్య ‘నూకాలు తలవంచి తాడు విప్పింది’ అని రాసేశాడు. నా పాత్రని వేరేవాళ్లు నడపకూడదని గ్రూపులో అందరి ముందూ చెప్పాను. అంతకుముందు, నేను అమ్మకి మాత్రమే చెప్పిన బెంగళూరు ఉద్యోగం సంగతి కూడా దళపతి నోట వచ్చింది. అన్నయ్య గ్రూపు వదిలేశాడు. రెండు నెలలుగా ఫోన్ లేదు. వచ్చే నెల నాన్న తద్దినానికి వచ్చి హోటల్లో దిగుతాడట. ‘ఆ పిచ్చి ఆట కోసం అన్నయ్యని దూరం చేసుకుంటావా, సారీ చెప్పు’ అంటోంది అమ్మ. రూల్ ప్రకారం తప్పు అన్నయ్యదే కదా? నేనెందుకు చెప్పాలి?
– ఒక చెల్లెలు, విశాఖపట్నం

తప్పు మీ అన్నయ్యదే. నువ్వు అడిగినదానికి జవాబు అయిపోయింది తల్లీ.

ఊరికే నీ పక్షం మాట్లాడుతున్నాననుకోకు. నీ ఉత్తరం చదివాక ఇంటర్ చదివే మా మనవణ్ణి కూర్చోబెట్టి అడిగాను. ‘చెప్తే అర్థం కాదు నానమ్మా, ఆడి చూడు’ అని ఫోన్ నా చేతికిచ్చాడు. వాడు దొంగ, నేను సత్రం నడిపే ముసలమ్మ. వాడొచ్చి డబ్బుల పెట్టె మీద చెయ్యి వేశాడు. నేను హుషారుగా ‘ముసలమ్మ అట్లకాడతో ఒక్కటిచ్చింది, దొంగ సిగ్గుపడి పారిపోయాడు’ అని టైప్ చేశాను. వాడు పడీ పడీ నవ్వాడు. అట్లకాడ ఎత్తడం వరకే నాదట. దెబ్బ తగిలిందా, తప్పించుకున్నాడా, సిగ్గుపడ్డాడా, అదంతా దొంగే రాసుకోవాలట. నేను చేసిన పనిని గాడ్‌మోడింగ్ అంటారట, కొందరు పవర్‌ప్లే అంటారట. అరవై ఏడేళ్లొచ్చాయి, ఒక దొంగని సిగ్గుపడేలా చేసే హక్కు కూడా నాకు లేదు!

ఆలోచిస్తే మనకి కొత్త సంగతేమీ కాదు. రాయబారం సీనులో కృష్ణుడికి ఎన్ని వన్స్‌మోర్‌లు పడినా దుర్యోధనుడి పద్యం తను ఎత్తుకోడు. ఎత్తుకుంటే హార్మోనియం ఆయనే ఆపేస్తాడు.

మీ అమ్మగారు పిచ్చి ఆట అన్నారు కాబట్టి ఇంకొక్క మాట. ఇది నిన్న మొన్న పిల్లలు కనిపెట్టింది కాదు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టగా, రిచర్డ్ బార్టిల్ చేయి వేసిన ‘మడ్’ అనే ఆటలో అప్పటికే బొమ్మల్లేకుండా ఉత్త అక్షరాలతో ఆడుకున్నారు. నీకంటే నీ ఆట వయసులో చాలా పెద్దది. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన హార్బర్‌లో మరపడవలు కదలవని గుర్తుపెట్టుకుని ఆటలోకి తెచ్చావు చూడు, అది నాకు నచ్చింది. దళపతి చెప్పినా సరే, ఆ రోజుల్లో నూకాలు తాడు విప్పదు.

ఇక నువ్వు మధ్యలో ‘కూడా’ అని ఒక్క వాక్యంలో దాటేసిన సంగతికి వస్తాను. బెంగళూరు ఉద్యోగం. ఆట బయట తెలిసినదాన్ని పాత్రకి తెలిసినట్టు రాస్తే అది మెటాగేమింగ్ అట, అదీ తప్పేనట. నూకాలు ఎక్కడా చెప్పలేదు కదా, దళపతికి ఎలా తెలిసింది? బాగుంది. కానీ మీ అన్నయ్యకి ఎలా తెలిసిందని మీ అమ్మని అడిగావా? నీ ఉత్తరం రెండుసార్లు వెతికాను, అడిగినట్టు లేదు.

ఇంకోటి కూడా కనిపించింది. ‘హోటల్లో దిగుతాడట’ అని రాశావు. ఆ ‘ట’ ఎవరిది? అన్నయ్య మాట నీకు అమ్మ చెప్పాలి. నీ మాట అన్నయ్యకి అమ్మే చేరవేయాలి. సారీ చెప్పమనడం కూడా అమ్మ ద్వారానే వచ్చింది. అసలు అన్నయ్యే అడిగాడో లేదో నీకు తెలియదు. నాన్న పోయిన ఈ నాలుగేళ్లలో మీ అన్నాచెల్లెళ్లు నేరుగా మాట్లాడుకున్న చోటు ఆ ఆట ఒక్కటేనని నా అనుమానం. అదీ దళపతిగా, నూకాలుగా.

మీ అమ్మని తిట్టడానికి చెప్పడం లేదు. ఆవిడ చేసిన పని నేనూ చేశాను. నాకు ఇద్దరు కొడుకులు, ఒకడు గాజువాకలో, ఒకడు పుణెలో. మా వారు పోయాక ఆరేళ్లపాటు వీడి మాట వాడికి, వాడి మాట వీడికి, కొంచెం కారం తగ్గించి చెబుతూ ఉండేదాన్ని. ఇద్దరి ఫోన్లూ నా మీదుగా నడిస్తేనే ఇల్లు ఇంకా ఇల్లులా ఉందనిపించేది. ఒకరోజు పెద్దవాడు ‘అమ్మా, తమ్ముడికి కూడా ఫోన్ ఉంది కదా’ అన్నాడు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. వాడన్నది నిజం కాబట్టే అంత కోపం వచ్చింది. మీ అమ్మకి కూడా ‘పెద్దోడికి చెప్పకపోతే ఎలాగే’ అనే బెంగ తప్ప వేరే దురుద్దేశం ఉంటుందనుకోను.

అయితే ఆ బెంగ వల్ల ఏం జరిగిందో చూడు. చెల్లెలు ఊరు విడిచి వెళ్తానంటోందని మీ అన్నయ్యకి తెలిసింది, అదీ నీ నోట కాదు. ఫోన్ చేసి అడగడానికి మొహం చెల్లలేదు. దళపతి వేషం వేసుకుని అడిగాడు. నువ్వు దాన్ని రూల్ తప్పడంగా చదివావు. రూల్ తప్పడమే. కానీ చెల్లెలు చెప్పకుండా వెళ్లిపోతుందనుకున్నవాడు ఇంకెలా అడుగుతాడు? ఆ తర్వాత తాడు విప్పేశాడు. అది మాత్రం అహంకారం, దాన్ని నేను వెనకేసుకురాను.

నీ తప్పు కూడా ఒకటుంది. మనవడు చెప్పాడు, ఇలాంటివి ముందు ఆ మనిషికే విడిగా మెసేజ్ పెట్టాలట, వినకపోతే గ్రూపు నడిపేవాళ్లకి చెప్పాలట. నువ్వు అందరి ముందూ చెప్పానన్నావు. నిన్ను చెయ్యి పట్టుకుని ఆ గ్రూపులోకి తీసుకెళ్లినవాణ్ణి, అతని స్నేహితుల ఎదుట. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తావు. దానికి సారీ చెప్పు, దానికి మాత్రమే. నూకాలు తరఫున ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోవద్దు.

ఈ రాత్రే ఫోన్ చెయ్యి. మేడ మీదకెళ్లి చెయ్యి, అమ్మ పక్కన స్పీకర్ పెట్టి కాదు. తాడు గొడవతో మొదలుపెట్టకు. ‘బెంగళూరు సంగతి నీకు నేనే ముందు చెప్పాల్సింది అన్నయ్యా’ అని మొదలుపెట్టు. పర్మిషన్ అడగమని నేననడం లేదు, నీ జీతం నీది, నీ ఉద్యోగం నీది. ఏం చేయబోతున్నావో నీ నోటితో చెప్పమంటున్నాను. అతను గట్టిగా అరిస్తే ‘రేపు మాట్లాడదాం’ అని పెట్టేయ్, మర్నాడు మళ్లీ చెయ్యి. ఆట మాట చివర్లో రానీ. ఇద్దరూ ఒప్పుకుంటే ఆ సీను కొట్టేసి మళ్లీ రాసుకోవచ్చట. మళ్లీ గ్రూపులోకి వస్తాడా రాడా అన్నది అతని ఇష్టం.

అమ్మతో మాత్రం ఎదురుగా కూర్చుని చెప్పు. ‘అన్నయ్యకి చెప్పాల్సినవి ఇకనుంచి నేనే చెప్తాను, నువ్వు చెప్పకు’ అని. అలుగుతుంది. అన్నం తినకుండా టీవీ ముందు కూర్చుంటుంది. కంగారుపడకు, మూడో రోజుకి ఆకలేస్తుంది, నాకు తెలుసు.

ఇక ఆ హోటల్ మాట. తండ్రికి తద్దినం పెట్టాల్సిన పెద్దకొడుకు తన ఇల్లు ఊళ్లో ఉండగా హోటల్ గదిలో స్నానం చేసి రావడమేమిటి? ఇది మాత్రం అమ్మ చేత చెప్పించకు. గోదావరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే వచ్చేస్తుంది. స్టేషన్‌కి నువ్వే వెళ్లు. ఆటోలో అతని బ్యాగు నీ ఒళ్లో పెట్టుకుని ఇంటికి తీసుకురా. అమ్మని ఇంట్లోనే ఉండమను.