మా వాడు న్యూజెర్సీలో, గంజాయి షాపులో!

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఎంఎస్ చేస్తున్నాడు. అక్కడ గంజాయి షాపుల్లోనే అమ్ముతారట, 21 ఏళ్లు దాటితే తప్పేం లేదంటున్నాడు. నిజమేనా? టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీవాడు చెప్పింది సగం నిజమేనమ్మా. మందుగా వాడుకోవడానికి 1996లో కాలిఫోర్నియా ముందు ఒప్పుకుంది, సరదాకి వాడుకోవచ్చని 2012లో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో జనం ఓటేశారు, న్యూజెర్సీలో 2022 ఏప్రిల్‌లో షాపులు తెరిచారు. టెక్సాస్‌లో మాత్రం సరదాకని దగ్గర పెట్టుకున్నా నేరమే.

అసలు చిక్కు వేరే ఉంది. రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్ర చట్టం ఒప్పుకోదు, వీసాలు, గ్రీన్‌కార్డులు చూసేదేమో కేంద్రమే. కేసు లేకపోయినా సరే, ఇమిగ్రేషన్ అధికారి అడిగినప్పుడు 'అవును, వాడాను, మా రాష్ట్రంలో లీగలే కదా' అని అమాయకంగా ఒప్పుకుంటే చాలు, దేశంలోకి రానివ్వకపోవచ్చు, గ్రీన్‌కార్డు ఆగిపోవచ్చు. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో డాక్టర్ కూడా అడుగుతాడు. గంజాయిని మందుగా వాడుకోవచ్చని డాక్టర్ రాసిచ్చిన కార్డున్నా ఇమిగ్రేషన్ దగ్గర పనికిరాదు. అలాంటి షాపులో పార్ట్‌టైమ్ పని మరీ ప్రమాదం, విద్యార్థి వీసాకి అది ఇంకో తలనొప్పి. ఒక లీగల్ రాష్ట్రంలో కొని పక్క లీగల్ రాష్ట్రానికి తీసుకెళ్లినా కేంద్రం లెక్కలో నేరమే, విమానమైనా కారైనా.

అక్కడి స్నేహితులు అమెరికా పౌరులైతే వాళ్ల సంగతి వేరు. మీవాడు ఇప్పటికే వాడి ఉంటే, ఏ ఫారం నింపేముందైనా ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవమనండి. అబద్ధం మాత్రం రాయొద్దనండి, అది ఇంకా పెద్ద కేసు.