ప్రక్రియ వేరు, దాని నిర్వచనం వేరు

సందేహం: జావా వెబ్ అప్లికేషన్‌లో వర్క్‌ఫ్లో ఇంజిన్‌కు (పనులను ఒక వరుసలో నడిపే సాఫ్ట్‌వేర్‌కు) ప్రాసెస్ డెఫినిషన్‌ను (ఆ వరుస ఎలా ఉండాలో చెప్పే వివరణను) డిప్లాయ్ చేసే, అంటే అప్పగించి వాడుకకు సిద్ధం చేసే, పద్ధతిని తెలుగులో రాస్తున్నాను. 'ప్రక్రియను మోహరించాలి' అనవచ్చునా?

సమాధానం: మోహరించడం సంగతి తరవాత చెబుతాను. ముందుగా దిద్దవలసింది 'ప్రక్రియను' అన్న మాట. 'ప్ర' ఉపసర్గతో కూడిన కృ ధాతువునుంచి పుట్టిన ఈ పదానికి వ్యాకరణశాస్త్రంలో ఎంతో నిశితమైన అర్థం ఉంది. పాణిని దాదాపు 4,000 సూత్రాలను లాఘవం (సంక్షిప్తత) కోరి ఒక క్రమంలో కూర్చాడు. ఒక పదం సిద్ధించేటప్పుడు అవి ఏ వరుసలో ప్రవర్తిస్తాయో ఆ వరుసలో వాటిని మళ్ళీ పేర్చి చూపినవి ప్రక్రియాగ్రంథాలు. రామచంద్రుని ప్రక్రియాకౌముది, ఆ బాటలోనే వచ్చిన భట్టోజీ దీక్షితుల సిద్ధాంతకౌముది అటువంటివి. సూత్రం గ్రంథంలో స్థిరంగా ఉంటుంది. ప్రక్రియ ఒక్కొక్క పదం కోసం మళ్ళీ మొదటినుంచి నడుస్తుంది. ఉత్వసంధి సూత్రం ఒక్కటే అయినా 'వాఁడెవఁడు' సాధించే ప్రక్రియ ఒకటి, 'మనముంటిమి' సాధించేది మరొకటి. కథ, నవల వంటివాటిని సాహిత్య ప్రక్రియలనడం వేరే అర్థం.

మీ ఇంజిన్‌లోనూ ఉన్నది ఈ భేదమే. పనుల వరుసను వర్ణించే ప్రమాణమైన బీపీఎంఎన్ 2.0 పద్ధతిలో రాసిన ఎక్స్‌ఎంఎల్ ఫైలును వార్ ఫైలులో (జావా వెబ్ అప్లికేషన్‌ను కట్టిన మూటలో) చేర్చి ఫ్లోవబుల్, కముండా 7 వంటి ఇంజిన్లకు అప్పగించినప్పుడు డేటాబేసులో నమోదయ్యేది డెఫినిషన్. దానిని నమోదు చేసినంత మాత్రాన ప్రక్రియ మొదలైనట్టు కాదు. అదే కీతో (డెఫినిషన్‌ను గుర్తించే పేరుతో) మార్చిన ఫైలును మళ్ళీ డిప్లాయ్ చేస్తే వెర్షన్ సంఖ్య పెరుగుతుంది. ఆపైన ఆ కీతో మొదలయ్యే ప్రక్రియలు కొత్త వెర్షన్‌ను అనుసరిస్తాయి, అప్పటికే సగంలో ఉన్నవి, ప్రత్యేకంగా తరలిస్తే తప్ప, పాతదాని ప్రకారమే ముగుస్తాయి. ఇంత స్పష్టమైన భేదాన్ని రెంటికీ 'ప్రక్రియ' అని రాసి చెరిపివేయడం నేటి సాంకేతిక రచనలోని అజాగ్రత్త. 'ప్రక్రియను డిప్లాయ్ చేశాం' అని చదివిన కొత్తవారు పని మొదలైందనే అనుకుంటారు. ఆ పొరపాటు వారిది కాదు, రాసినవారిది.

డెఫినిషన్‌కు శాస్త్రమర్యాదలో 'లక్షణం' తగినదే అయినా, 'నిర్వచనం' స్థిరపడిపోయింది కనుక అడ్డు చెప్పను. ఇక మోహరం అంటే సేనావ్యూహం. బలగాలను మోహరించవచ్చును గాని, ఒక్క ఫైలును మోహరించడం నా చెవికి ఇంపుగా లేదు. 'ప్రక్రియా నిర్వచనాన్ని ఇంజిన్‌లో నెలకొల్పాలి' అనడం బాగుంటుందేమో. ఈ పని చేసేవారందరి నోటా ఉన్న 'డిప్లాయ్ చేయాలి' అన్నా దోషమని చెప్పలేను. ఒకే రచనలో మాత్రం రెండూ కలపకండి.