డార్క్‌రూమ్ నేర్చుకోనివ్వండి, ఎన్‌లార్జర్ మాత్రం ఇప్పుడే కొనకండి

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం. వాళ్ల తాతగారి ఫిల్మ్ కెమెరా బయటికి తీశాడు. బాత్రూంలోనే ఫిల్మ్ కడిగి ప్రింట్లు వేస్తాడట, నెగటివ్‌ను పెద్దది చేసి పేపర్ మీద ప్రింటు వేసే యంత్రం, ఎన్‌లార్జర్, పాతది కొనమంటున్నాడు. దీనికి భవిష్యత్తు ఉందా? – ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ఫిల్మ్ కడగడం ఒక్కటే నమ్ముకుని బతికే రోజులు కావమ్మా ఇవి. ఆ ఆశతో అయితే వద్దు. ఫొటోగ్రఫీయే చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో బీఎఫ్‌ఏ, అంటే లలిత కళల డిగ్రీ, ఉంది. పాత సినిమా రీళ్లను కాపాడే రంగం ఇంకోటి. ముంబైలోని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019లో హైదరాబాద్‌లోనే దానిపై వర్క్‌షాప్ పెట్టింది. ఫిల్మ్‌ను చేత్తో పట్టి ఎరిగిన అనుభవం రెండు చోట్లా పనికొస్తుంది.

ఫిల్మ్ కడగడానికి చీకటి గది అక్కర్లేదు. చేంజింగ్ బ్యాగ్ (వెలుగు చొరకుండా లోపల చేతులు పెట్టి పనిచేసే నల్ల సంచి), ఫిల్మ్ చుట్టే రీలుతో సహా డెవలపింగ్ ట్యాంకు, థర్మామీటర్, కొలజాడీలు, కొన్ని సీసాలు చాలు. ట్యాంకు మూత పడ్డాక మిగతా పనంతా వెలుగులోనే. ముందు పనికిరాని ఫిల్మ్ ఒకటి తీసుకుని, కళ్లు మూసుకుని రీలుకు ఎక్కించడం ఇరవైసార్లు సాధన చేయమనండి. గోదావరి ఉక్కకు బ్యాగులో చేతులు చెమటపడతాయి. ప్లాస్టిక్ రీలుకు తేమ తగిలితే ఫిల్మ్ సగంలో బిగుసుకుంటుంది. బలవంతంగా తోశాడా, మడతపడిన చోట నెలవంక మచ్చలు తేలతాయి.

మొదటి పది రోల్స్‌కి ఒకే ఫిల్మ్, ఒకే డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే రసాయనం). ఫిల్మ్ ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్, డెవలపర్ ఐడీ-11 అనుకుందాం. 35 ఎంఎం రోల్‌కి ప్యాటర్సన్ ట్యాంకులో 290 మి.లీ. కావాలి: డెవలపర్ 145, నీళ్లు 145. 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు. మొదటి పది సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేయాలి, ఆపై ప్రతి నిమిషం మొదట్లో అలాగే. తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్‌బాత్ 10 సెకన్లు, బొమ్మను నిలిపే ర్యాపిడ్ ఫిక్సర్, ఒకటికి నాలుగు పాళ్ల నీళ్లు కలిపి, 5 నిమిషాలు.

చిక్కంతా ఆ 20 డిగ్రీలతోనే. మే నెలలో మీ కుళాయి నీళ్లే ముప్పై దాటతాయి. సీసాలను ఐస్ వేసిన బకెట్లో నిలబెట్టి 24కి దించితే దాదాపు 9 నిమిషాలు సరిపోతాయి. సగానికి సగం నీళ్లు కలపమన్నది పొదుపు కోసం కాదు. కలపకపోతే 20 దగ్గరే ఏడున్నర నిమిషాలు. వేడికి అది ఐదు దాకా తగ్గిపోతే డెవలప్‌మెంట్ ఒక్క తీరుగా రాదు. ఫిక్సర్, కడిగే నీళ్లు కూడా ఇంచుమించు అదే వేడిలో ఉండాలి.

ఫిక్సర్ అయ్యాక నీళ్లతో కడిగేటప్పుడు ట్యాంకు నింపి 5సార్లు తలకిందులు చేసి పారబోయాలి, మళ్లీ నింపి 10, మూడోసారి 20. బోరు నీళ్లయితే చివరి తడుపు డిస్టిల్డ్ వాటర్‌లో వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు చుక్కలుగా నిలవకుండా జారిపోయేలా చేసే ద్రవం) కొద్దిగా కలిపి చేయాలి, లేదంటే ఆరాక తెల్ల చుక్కలు మిగులుతాయి. ఫ్యాన్ కింద ఆరేయొద్దు, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

నెగటివ్ పలచగా వస్తే వెంటనే రసాయనాన్ని తిట్టుకోవద్దు. ఫిల్మ్ అంచున కంపెనీ ముద్రించిన అక్షరాలు చూడాలి. అవి నల్లగా ఉండి బొమ్మ పలచనైతే తప్పు కెమెరాది, వెలుతురు చాల్లేదు. అక్షరాలూ వెలవెలబోతే డెవలపర్ పాతదో, సమయం చాలలేదో. అక్షరాలే లేకుండా ఫిల్మ్ మొత్తం గాజులా ఉంటే డెవలపర్ చచ్చిపోయింది, లేదా ఫిక్సర్ ముందు పోశాడు. పాల రంగు మసక ఉంటే ఫిక్సింగ్ చాల్లేదు. మళ్లీ ఫిక్సర్‌లో వేస్తే బాగుపడే తప్పు ఇదొక్కటే.

చేతికి గ్లవ్స్ తప్పనిసరి, డెవలపర్‌లోని మెటాల్ అనే రసాయనం కొందరి చర్మానికి పడదు. వంటింటి గిన్నెలు ముట్టనివ్వకండి.

పది రోల్స్ ఒకే తీరుగా వస్తే అప్పుడు ప్రింట్లు. దానికీ మొదట ఎన్‌లార్జర్ వద్దు. ఫొటో పేపర్ మీద నెగటివ్ ముక్కలు పరిచి, పైన గాజు పలక పెట్టి, చిన్న బల్బు కాసేపు వెలిగించి, పేపర్‌ను రసాయనాల్లో కడిగితే నెగటివ్ సైజులోనే కాంటాక్ట్ ప్రింట్ వస్తుంది. బాత్రూం తలుపు సందులు మూసి పది నిమిషాలు కూర్చున్నా వెలుగు కనపడకూడదు. పేపర్‌ను పాడుచేయని వెలుగును సేఫ్‌లైట్ అంటారు, ఎర్ర బల్బులన్నీ సేఫ్‌లైట్లు కావు. పేపర్ మీద నాణెం పెట్టి ఐదు నిమిషాలు ఆ వెలుగులో ఉంచి కడిగితే, నాణెం ఆకారం కనిపించిన బల్బు పనికిరాదు. ఆర్‌సీ పేపర్‌కి (ప్లాస్టిక్ పూత ఉన్న ఫొటో పేపర్) మల్టీగ్రేడ్ అనే పేపర్ డెవలపర్ ఒకటికి తొమ్మిది పాళ్ల నీళ్లతో ఒక నిమిషం, స్టాప్ 10 సెకన్లు, ఫిక్సర్ అర నిమిషం, నీళ్లలో కడగడం 2 నిమిషాలు.

ఆ తర్వాతే ఎన్‌లార్జర్. కొనేరోజు 50 ఎంఎం లెన్స్‌ను టార్చి వెలుగులో తిప్పి చూడమనండి. సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే అది ఫంగస్, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.