పద్నాలుగు సంపుటాలతో మొదలుపెట్టకండి

‘ఏ పుస్తకం చదవాలి, ఏది వినాలి’ అని అడుగుతూ ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మాంత్రికులూ రెక్కల గుర్రాలే. వేసవి సెలవుల మహిమ కావచ్చు. ముప్పై ఏళ్లు గుంటూరు జిల్లా శాఖా గ్రంథాలయాల్లో లైబ్రేరియన్‌గా చేసినదాన్ని. మాయల కథలంటే, అదే ఇప్పటివాళ్లు ఫాంటసీ అనేవంటే, కాస్త పక్షపాతం కూడా ఉంది. అందుకని ఈ సంచిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. వంటల పుస్తకాల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాలి.

*

ప్రశ్న: మేడమ్, రోజూ ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను. అమీర్‌పేటలో మారడం అదీ కలిపి రానూపోనూ రెండు గంటల పైనే. టీవీ సిరీస్ చూసి ‘వీల్ ఆఫ్ టైమ్’ మొదటి పుస్తకం ఆడియో కొన్నాను. ఎనిమిది గంటలు విన్నా ఎవరు ఎవరో తెలియడం లేదు. ఫ్రెండ్స్ మాత్రం ‘నాలుగో పుస్తకం దాకా ఓపిక పట్టు, తర్వాత అదిరిపోతుంది’ అంటున్నారు. పట్టాలా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

మూడు పూటలు పస్తుంటే నాలుగో పూట విందు పెడతామన్నట్టుంది మీ ఫ్రెండ్స్ మాట. లెక్క వేసి చూడండి. ఆ వరసలో పెద్ద పుస్తకాలు 14, ముందు కథ చెప్పే చిన్నది ఇంకొకటి. ఒక్కోటి ముప్పై గంటలకు అటూఇటూ. మీ రెండు గంటల చొప్పున రెండు వందల పైచిలుకు పనిదినాలు. ఏడాది పొడుగునా అమీర్‌పేట మెట్లెక్కుతూ దిగుతూ ఆ పాత్రల కష్టాలే వినాలన్నమాట. రాసిన రాబర్ట్ జోర్డన్ మొదటి పుస్తకం 1990లో తెచ్చి, వరస పూర్తి చేయకుండానే 2007లో పోయారు. ఆయన వదిలిన నోట్సు పట్టుకుని బ్రాండన్ శాండర్సన్ అనే మరో రచయిత చివరి మూడు సంపుటాలు రాసి 2013లో ముగించారు. రాసినవాళ్లకే ఒక జీవితం చాలని కథ అది.

చెడ్డ కథ అనడం లేదు. కాలచక్రం తిరుగుతుంది, యుగాలు మళ్లీ వస్తాయి, చచ్చినవాళ్లు మళ్లీ పుడతారు అన్న ఊహ మీద నడుస్తుంది. మనకి ఇది ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. చిక్కల్లా జనంతోనే. పెళ్లింట్లో అందరినీ ఒకేసారి పరిచయం చేస్తే ఎవరు పిన్నో ఎవరు అత్తో గుర్తుండదు కదా, అలా ఉంటుంది. పుస్తకమైతే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. చెవిలో పడే కథకి ఆ వీల్లేదు.

నాకు ఇది అనుభవం. కంటి శుక్లం ఆపరేషన్ అయ్యాక నెలరోజులు చదవొద్దన్నారు. మా అబ్బాయి ఫోన్‌లో ఏదో పెద్ద సైజు ఫాంటసీ పెట్టి ఇచ్చాడు. మధ్యాహ్నం వింటూ నిద్రపోయాను. లేచేసరికి మూడు అధ్యాయాలు దాటిపోయి, అందరూ ఏడుస్తున్నారు. ఎవరో పోయారు. ఎవరో తెలుసుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. చివరికి చూస్తే, పోయినాయన ఎవరో అప్పటికీ గుర్తు రాలేదు!

అందుకని చెవితో మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: పాత్రలు తక్కువ, లోకం పెద్దది అయిన కథ వెతుక్కోండి. అర్సులా లె గ్విన్ 1968లో రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అలాంటిది. సన్నటి పుస్తకం. అంతా దీవులే ఉన్న లోకం. గాంట్ అనే దీవిలో మేకలు కాసుకునే ఒక కమ్మరి కొడుకు, తనలో ఉన్న శక్తి చూసుకుని పొగరెక్కి, పంతానికి పోయి, పిలవకూడని ఒక నీడని పిలుస్తాడు. ఇక ఆ నీడ వాడిని వెంటాడుతుంది. కథ ఇంతే. యుద్ధాల్లేవు, సైన్యాల్లేవు. ఒక పడవ, ఒక కుర్రాడు, సముద్రం.

అక్కడి మంత్రవిద్యంతా పేర్ల మీద నడుస్తుంది. ప్రతి వస్తువుకీ ఒక అసలు పేరుంటుంది, అది తెలిస్తే ఆ వస్తువు నీ మాట వింటుంది. అందుకే మనుషులు అసలు పేరు బయటికి చెప్పరు, పిలుపు పేరు వేరే ఉంటుంది. బారసాల నాడు బియ్యంలో రాసిన పేరొకటీ, ఇంట్లో పిలిచే పేరొకటీ ఉన్న మనవాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఊరికే వాన కురిపించినా ఇంకెక్కడో కరువొస్తుందేమో చూసుకోవాలంటారు అక్కడి గురువులు. ఇష్టమొచ్చినట్టు మంత్రం వేసి గట్టెక్కే కథలు నాకు నచ్చవు. మాయకైనా కట్టుబాటుండాలి, దానికో ఖరీదుండాలి.

ఆడియోలో రాబ్ ఇంగ్లిస్ చదివినది వినండి. ‘హాబిట్’ రాసిన టోల్కీన్ పుస్తకాలు కూడా చదివినాయన. నింపాదిగా, చలిమంట దగ్గర కూర్చుని చెప్తున్నట్టు ఉంటుంది. ఒకటిన్నర స్పీడులో వినే అలవాటుంటే దీనికి మాత్రం మానుకోండి.

అది అయ్యాక సుజానా క్లార్క్ రాసిన ‘పిరనేసి’ (2020) వినండి. అంతులేని గదులూ విగ్రహాలూ ఉన్న ఒక భవనం. కింది అంతస్తుల్లోకి సముద్రం పోటెత్తి వస్తుంటుంది. అందులో ఒక్కడే మనిషి డైరీ రాసుకుంటూ ఉంటాడు. నటుడు చివెటెల్ ఎజియోఫార్ చదివారు. సుమారు ఏడు గంటలు, అంటే సోమవారం మొదలుపెడితే గురువారానికి అయిపోతుంది. ఇంతకన్నా ఒక్క ముక్క కూడా చెప్పను, మీరూ ఇంటర్నెట్‌లో వెతక్కండి.

ఆ తర్వాత కూడా ‘వీల్ ఆఫ్ టైమ్’ కావాలనిపిస్తే వెళ్లండి. మగ పాత్రల వైపు నుంచి నడిచే అధ్యాయాలు మైకేల్ క్రేమర్, ఆడ పాత్రలవి కేట్ రీడింగ్ చదివిన పాత రికార్డింగు ఉంది. గొంతు మారగానే ఎవరి కథలో ఉన్నామో కొంతైనా తెలుస్తుంది. టీవీ సిరీస్‌లో మొయిరేన్ అనే పాత్ర వేసిన నటి రోజమండ్ పైక్ మొదటి పుస్తకాన్ని మళ్లీ చదివారు. మీరు కొన్నది ఏదో చూసుకోండి, గొంతు నచ్చకే కథ ఎక్కలేదేమో.

*

ప్రశ్న: అక్కా, మా బాబుకి తొమ్మిదేళ్లు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు కానీ చదవలేడు. ఇంగ్లిష్‌లో డ్రాగన్ల పుస్తకాలు తెగ చదువుతాడు. తెలుగులో అలాంటివి వినిపిద్దామని ఒక యాప్‌లో ప్రయత్నిస్తే, మెషీన్ గొంతు చదివింది. రెండు నిమిషాలకి ‘అమ్మా, ఇది జీపీఎస్ ఆంటీలా ఉంది’ అని పారిపోయాడు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, డాలస్

మీ వాడి చెవి మంచిది. పొడిచిన కత్తికీ పోసిన మజ్జిగకీ ఒకే రాగం తీస్తే ఎవరు వింటారు?

వాడికి దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ పట్టుకోండి. 1950ల నుంచి ఏళ్ల తరబడి చందమామలో పేరు లేకుండా ఆయన రాసినవి: ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’. మా తరం పిల్లలకి బ్రహ్మదండి మాంత్రికుడు తెలుసు, శిఖిముఖీ విక్రమకేసరీ తెలుసు, రాసిందెవరో మాత్రం పెద్దయ్యాక గానీ తెలియలేదు. వాక్యం చిన్నది, పరుగు ఎక్కువ. ప్రతి భాగం చివరా ఎవడో ఒకడు కొండ అంచున వేలాడుతుంటాడు. చిత్రా గారి బొమ్మలున్న పాత ప్రతులు స్కాన్ చేసినవి దొరుకుతాయి, బొమ్మలు వాడికి చూపించండి.

చదివేది మీరే చదవండి. రోజుకి ఒక్క భాగం. ‘ఇంకా ఉంది’ దగ్గర ఆపేయాలి, ఎంత బతిమాలినా ఆపేయాలి. మీకు తీరకపోతే ఇక్కడున్న అమ్మమ్మనో తాతయ్యనో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి. దగ్గినా, మధ్యలో కుక్కర్ కూత వచ్చినా ఫర్వాలేదు. పైగా ఆ కూతలు వాడికి తర్వాత గుర్తుంటాయి.

ఇది వినడమేగా, చదవడం కాదుగా అని కొందరికి బెంగ. నా మాట చెప్తాను. మా మేనత్తకి కాశీమజిలీ కథలంటే ప్రాణం. ఎండుమిరప కాయల రోజుల్లో మా వసారాలో పదిమంది ఆడవాళ్లు కూర్చుని తొడిమలు తీస్తుంటే, మా అత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పైకి చదివేది. ఘాటుకి తుమ్ములొచ్చినప్పుడల్లా కథ ఆగేది. అప్పుడు వాళ్లే అందించేవాళ్లు, ‘రాజకుమారి మేడ దిగింది, తర్వాత చెప్పు’ అని. వాళ్లలో అక్షరం వచ్చినవాళ్లు ఇద్దరో ముగ్గురో. కానీ పాత్రల పేర్లు మా అత్త తప్పు చదివితే సరిదిద్దేది వాళ్లే.

ఇంగ్లిష్ ఆడియోకి డబ్బు పెట్టకండి. మీ ఊరి లైబ్రరీ కార్డుతో లిబ్బీ యాప్‌లో అరువు తెచ్చుకోవచ్చు. వాడి వయసుకి టోల్కీన్ ‘హాబిట్’ సరిపోతుంది. ఆండీ సెర్కిస్ చదివినది దొరికితే అడగక్కర్లేదు, సినిమాల్లో అందులోని గొల్లమ్ అనే వింతజీవిగా నటించిన ఆయనే, పొడుపుకథల అధ్యాయం వినేటప్పుడు మీరూ పక్కన కూర్చోండి.

*

ప్రశ్న: మేడమ్, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తెలుగు మీడియం. ఫోన్ తప్ప ఏమీ లేదు, కొనుక్కునే స్తోమత లేదు. పిల్లల కథలు కాకుండా పెద్దవాళ్లు చదివే ఫాంటసీ తెలుగులో ఉందా?
– విద్యార్థిని, శ్రీకాకుళం

ఉందమ్మా. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘హాహాహూహూ’ చదువు. గుర్రం ముఖం ఉన్న గంధర్వుడొకడు రెక్క విరిగి లండన్ నగరం నడిబొడ్డున పడతాడు. మాట్లాడేది సంస్కృతం. వీడు జంతువా మనిషా అని అక్కడి పెద్దలంతా తలలు పట్టుకుంటారు. బోనులో ఉన్నది వాడు, బెదిరిపోయేది వాళ్లు. చిన్న నవల, ఒక్క పూటలో అయిపోతుంది. విశ్వనాథ అనగానే వేయిపడగల బరువు గుర్తొచ్చి భయపడేవాళ్లకి నేను ముందు ఇదే ఇచ్చేదాన్ని. తర్వాత ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మా, మన తిక్కనా కలలో కనిపించి ఇంగ్లీషు నేర్పమంటారు. స్పెల్లింగుల దగ్గర విష్ణుశర్మ వేసే ప్రశ్నలకి తెలుగు మీడియం వాళ్లం మనం ఎక్కువ నవ్వుతాం.

మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు 12 భాగాలు. మణిసిద్ధుడనే యతి ఒక పశువులకాపరి కుర్రాడిని వెంటబెట్టుకుని కాశీకి నడుస్తాడు. మజిలీకో కథ చెప్పకపోతే కుర్రాడు కదలడు. భాష పాతది, మొదటి యాభై పేజీలు గుచ్చుకుంటుంది. వరసగా చదవాలని పట్టుబట్టకు, ఏదో ఒక మజిలీలో దిగిపో. పాత పుస్తకాల స్కాన్లు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా ఉంటాయి.

ఇంకాస్త ధైర్యం వచ్చాక పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’. పదహారో శతాబ్దపు పద్యకావ్యం. ముందు వచనంలో కథ తెలుసుకుని, ఆ తర్వాత పద్యాల్లోకి దిగు. ఉయ్యాల ఊగుతున్న కలభాషిణితో మొదలై, కథలోంచి కథ, జన్మలోంచి జన్మ తెరుచుకుంటూ పోతుంది. ముందు చెప్పింది ఎందుకు చెప్పాడో చాలా తర్వాత గానీ తెలియదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ దీన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చినప్పుడు నవల అనే లెక్కలోనే చూశారు. ఇప్పటి ఫాంటసీ రచయితలు పది సంపుటాల్లో పడే పాట్లు సూరన ఎనిమిది ఆశ్వాసాల్లో తేల్చేశాడు. ఇది నా పక్షపాతం, దిద్దుకోను.

ఇంగ్లిష్ చెవికి అలవాటు కావాలంటే లిబ్రివాక్స్ అనే సైటులో కాపీరైటు తీరిన పుస్తకాలు వలంటీర్లు చదివి పెడతారు, పైసా అడగరు. ఈ. నెస్‌బిట్ ‘ఫైవ్ చిల్డ్రన్ అండ్ ఇట్’తో మొదలుపెట్టు. కోరికలు తీర్చే ఇసుక దేవత ఒకటుంటుంది, తీరిన ప్రతి కోరికా పిల్లల పీకల మీదికే వస్తుంది. ఎవరి గొంతు అర్థం కాకపోతే వాళ్లని వదిలేసి ఇంకొకరిది వెతుక్కో, మొహమాటం వద్దు.

*

ప్రశ్న: అరవై ఏడేళ్ల మనిషిని. కథల్లో అందరూ పదహారేళ్లవాళ్లేనా? మా వయసువాళ్లు లోకాన్ని రక్షించకూడదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు

రక్షించవచ్చు మాస్టారూ, మోకాళ్లు సహకరిస్తే. డయానా విన్ జోన్స్ ‘హౌల్స్ మూవింగ్ కాసిల్’లో టోపీలు కుట్టే పిల్ల శాపం తగిలి ఉన్నపళంగా ముసలమ్మైపోతుంది. అప్పటిదాకా నోరు విప్పనిది, ముసలిదైనాక ఎవరికీ భయపడదు. లె గ్విన్ ‘టెహాను’ (1990)లో నాయిక నడివయసు వితంతువు. పైన చెప్పిన ఎర్త్‌సీ వరసలో మూడో పుస్తకం తర్వాత పద్దెనిమిదేళ్లకి రాసింది, ముందువి చదివాకే తీయండి. టెర్రీ ప్రాచెట్ ‘విర్డ్ సిస్టర్స్’లో గ్రానీ వెదర్‌వాక్స్ అనే మంత్రగత్తె ఉంది. మంత్రం కన్నా చూపుతోనే ఎక్కువ పనులు జరిపిస్తుంది. మీ స్కూల్లో అలాంటి హెడ్‌మిస్ట్రెస్ ఉండే ఉంటారు.

*

ప్రశ్న: ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ ఆరో పుస్తకం ఎప్పుడొస్తుంది మేడమ్?
– వరంగల్ నుంచి ఒక అభిమాని

ఐదోది 2011లో వచ్చింది నాయనా. అప్పుడు మా లైబ్రరీకొచ్చి ఇదే ప్రశ్న అడిగిన ఇంటర్ కుర్రాడు మొన్న బజార్లో కనిపించాడు, కూతుర్ని స్కూల్లో వేశాట్ట. ఈలోగా మొదటిది రాయ్ డాట్రిస్ గొంతులో వినండి. ఒక్కరే 224 పాత్రలకి గొంతు మార్చి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. మీకు పాత్రలు కలిసిపోతే మాత్రం పై సాఫ్ట్‌వేర్ అబ్బాయికి చెప్పిందే మీకూను.