నావాట్ల్, హైతీ క్రియోల్ చదివితే ఉద్యోగం వస్తుందా?

మీ అమ్మాయి భాషాశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసి, మెక్సికో ఆదివాసుల భాష నావాట్ల్‌ను, కరీబియన్ దేశం హైతీలో ఫ్రెంచి పదజాలం ఆధారంగా ఏర్పడిన హైతీ క్రియోల్‌తో పోల్చి విదేశంలో పరిశోధన చేస్తానంటోందని, వీటిలో దేనికి ఉద్యోగం వస్తుందో చెప్పమని, లేకుంటే ఏఐ కోర్సులో చేర్పిస్తానని రాశారు. ఇంత చదివీ అమ్మాయి ఖాళీగా మిగిలిపోతుందేమోనన్న దిగులే మీ ప్రశ్నలో నాకు కనిపిస్తోంది.

హైతీ క్రియోల్‌ను కోటి మందికి పైగా మాట్లాడతారు; ఆ దేశపు 1987 రాజ్యాంగం దానికి ఫ్రెంచితో పాటు అధికార హోదా ఇచ్చింది. నావాట్ల్ మాట్లాడేవారు సుమారు 16 లక్షలే అయినా, 16వ శతాబ్దం నుంచి ఆ భాషలో రాసిన వీలునామాలు, భూమి పత్రాలు ఉన్నాయి, 1547 నాటికే వ్యాకరణమూ ఉంది. మాంసం తింటున్నానని చెప్పడానికి నావాట్ల్‌లో ‘నినకక్వా’ అనే ఒక్క మాట చాలు: ‘ని’ నేను, ‘నక’ మాంసం, ‘క్వా’ తినడం. క్రియోల్‌లో ‘మ్వెఁ ఆప్ మాఁజే వ్యాన్’ అని విడివిడిగా నాలుగు మాటలు కావాలి. కర్త ఎవరైనా ‘మాఁజే’ మారదు. క్రియ చివర కర్తను చేర్చి ‘తింటాను’ అనే తెలుగు పిల్లకు ఇది ఆసక్తి కలిగించడంలో వింతేముంది?

ఏఐ సంస్థలకు భాషా నిపుణులు కావాలన్న ప్రచారంపై నాకు అంత నమ్మకం లేదు. అక్కడ దొరికే పనిలో చాలా భాగం వాక్యాలకు గుర్తులు పెట్టి, వాక్యానికింత చొప్పున డబ్బు తీసుకునే తాత్కాలిక ఒప్పందమే. క్రియోల్ అనువాదానికి గిరాకీ 2010 హైతీ భూకంపంతో ఉన్నట్టుండి వచ్చింది. గూగుల్ అనువాదంలోకి నావాట్ల్ 2024లో గాని చేరలేదు. ఇలాంటి గిరాకీని నమ్ముకుని కోర్సు కొనడం నా దృష్టిలో జూదమే. వ్యాకరణ విశ్లేషణతో పాటు ప్రోగ్రామింగ్ కూడా వస్తే సంగతి వేరు. అది మూడు నెలల సర్టిఫికెట్‌తో వచ్చేది కాదు.

కాస్త కటువుగానే చెబుతున్నాను: మీ ఉత్తరంలో మేనల్లుడి జీతం ఉంది గాని, అమ్మాయి ఈ అంశాన్ని ఎందుకు ఎంచుకుందో ఒక్క ముక్క లేదు. అడిగారా? తెలియని భాషను విని, రాసి, విశ్లేషించే నైపుణ్యం అక్కడ నేర్చుకున్నా, ఇక్కడ కొలామీ, గోండీ లాంటి ఆదివాసీ భాషల మీద పనిచేయడానికీ పనికొస్తుంది, కాబట్టి భయపడకండి. నావాట్ల్ పత్రాలకు స్పానిష్, క్రియోల్ పరిశోధనలకు ఫ్రెంచి తప్పనిసరి. రెండూ హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో నేర్పుతారు. ముందు స్పానిష్‌లో చేరనివ్వండి. విదేశీ ప్రవేశంతో పాటు స్కాలర్‌షిప్ కూడా ఖాయమయ్యేవరకు అప్పు మాత్రం చేయకండి.