స్ట్రోక్ తర్వాత నడక సాధనకు సంగీతం కట్టడం ఎలా?

మీ నాన్నగారికి స్ట్రోక్ వల్ల ఎడమ కాలు ఇంకా బలహీనంగానే ఉందని, చేతికర్రతో నడుస్తున్నారని రాశారు. మీకు కీబోర్డు వచ్చు కాబట్టి మెదడుకు మేలు చేసే సంగీతం మీరే కట్టవచ్చా, 432 హెర్ట్జ్ శ్రుతిలోనే చేయాలా అని అడిగారు. తప్పకుండా కట్టవచ్చు. 432 సంగతి మాత్రం వదిలేయండి. శ్రుతి ఎంత ఉన్నా అడుగు పడే సమయం మారదు. బైనారల్ బీట్స్ (రెండు చెవులకూ కాస్త తేడా ఉన్న శ్రుతులు వినిపించేవి) కూడా ఈ పనికి వద్దు. వాటికి హెడ్‌ఫోన్లు తప్పనిసరి, పెట్టుకుంటే పక్కన పట్టుకుని నడిపించేవాళ్ళ మాట వినపడదు. నడకకు కావలసింది లయ.

అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో పరిశోధకుడు మైఖేల్ థాట్ బృందం 1990లలో దీని మీదే పనిచేసింది. 1997లో వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో, లయ వింటూ సాధన చేసిన స్ట్రోక్ రోగులకు నడక వేగం, అంగ పొడవు మామూలు సాధన చేసినవాళ్ళకంటే బాగా మెరుగుపడ్డాయి. కదలకుండా కూర్చుని లయ విన్నా మెదడులో కదలికను నడిపే భాగాలు మేలుకుంటాయి: బేసల్ గాంగ్లియా, ప్రీమోటార్ కార్టెక్స్, చిన్నమెదడు. లయలో తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో మెదడు ముందే పసిగడుతుంది, కాలు ఆ లోపు సిద్ధమవుతుంది. కాబట్టి మీ ట్రాకులో ఊహకందనిది ఏదీ ఉండకూడదు. సంగీతం తెలిసినవాళ్ళకు ఇదే కష్టం, చెయ్యి ఊరుకోదు.

ముందు ఫిజియోథెరపిస్టు గారికి చెప్పి, ఆయన ఎదుటే కొలత తీసుకోండి. చదునైన చోట 10 మీటర్లు గుర్తు పెట్టి, నాన్నగారిని ఎప్పటిలాగే నడవమనండి. రెండు కాళ్ళ అడుగులూ కలిపి నిమిషానికి ఎన్నో, 10 మీటర్లకు ఎన్నో రెండూ రాసుకోండి. నిమిషానికి 64 వచ్చిందనుకుందాం. మెట్రోనోమ్ (సమంగా లయ దెబ్బలు వినిపించే సాధనం) 64, అడుగుకో దెబ్బ. అంటే దెబ్బకూ దెబ్బకూ మధ్య 938 మిల్లీసెకన్లు. ఆయన అడుగులు అంత సమంగా పడవు. ఒకటి 780కి పడితే మరొకటి 1095కి పడుతుంది, సగటే 938. ఆయన కుంటుకు తగ్గట్టు మీరు దెబ్బలు సర్దకండి. దెబ్బలు సమంగా ఉంటేనే ఆ తేడా తగ్గే దారి దొరుకుతుంది.

తాళం ఆదితాళమే. ఎనిమిది అడుగులు ఒక ఆవర్తం, సమం, అంటే ఆవర్తంలో మొదటి దెబ్బ, ఎప్పుడూ ఒకే కాలి మీద పడుతుంది. మూడు దెబ్బల నడకైతే ఊనిక ఒకసారి కుడికాలికి, మరోసారి ఎడమకాలికి మారుతూ తికమక పెడుతుంది. ఖండచాపులో దెబ్బల మధ్య దూరమే సమానం కాదు, దాని జోలికి పోవద్దు. పల్లవి సమంలోనే ఎత్తుకోండి, అనాగతం (సమం దాటాక ఎత్తుకోవడం) వద్దు. ముందు ఎనిమిది దెబ్బలు ఉత్తివి, నిలబడి వినడానికి. చివర కాలం సాగదీసి ముక్తాయించకండి, తూలిపోతారు. ఆఖరి ఆవర్తంలో రాగం ఆపి దెబ్బ మాత్రం ఉంచితే, ముగింపు వస్తోందని తెలుస్తుంది.

మన తప్పెటగుళ్ళు చూసినవాళ్ళకు ఈ సూత్రం కొత్తేమీ కాదు: రొమ్ము మీద తప్పెట, కాలి గజ్జె ఒక్కసారే మోగుతాయి. అలాగని ఆ రికార్డింగే పెట్టేయకండి. పాట వేడెక్కేకొద్దీ కాలం పెరిగిపోతుంది.

దెబ్బకు ధ్వని ఎంచుకోవడంలోనే చాలామంది దెబ్బతింటారు. డప్పు అంచు మీద పుల్ల దెబ్బలాంటిది, చెక్క మీద కొట్టినట్టుండేది మంచిది: టక్కున మొదలై టక్కున ఆగాలి. తాళాలు, మంజీరాలు వద్దు, మోత సాగుతుంది, పైగా పెద్దవాళ్ళకు ముందు తగ్గేది ఆ సన్నని ధ్వనుల వినికిడే. తంబురా వాడితే దెబ్బకంటే 12 నుంచి 15 డెసిబెల్స్ కింద ఉంచండి. రివర్బ్ (ప్రతిధ్వనిలా సాగే మోత) దాదాపు అక్కర్లేదు. ప్రశాంతంగా ఉంటుందని అలల హోరు కలిపారో, అది దెబ్బను మింగేస్తుంది. తెల్లవారుజామున వాహనాలు ఆపినప్పుడు విశాఖ బీచ్ రోడ్డులో నడిపించినా ఇదే ఇబ్బంది, నిజం అలలు ఎలాగూ ఉంటాయి. మొదట్లో అపార్ట్‌మెంట్ కారిడార్ చాలు. బీచ్ రోడ్డుకు దిగే వాలు వీధులు ఇప్పుడే వద్దు, వాలులో అడుగు వేగం దానంతట అదే మారిపోతుంది.

రాగం ఆయనకు ఇష్టమైనదే తీసుకోండి. ఫలానా రాగం కాలు బాగుచేస్తుందనే మాట నమ్మకండి. అయితే సాహిత్యం వద్దు. పదాలు వినిపిస్తే పాడబోతారు, ధ్యాస కాలు మీంచి పోతుంది. పాటలు కూర్చున్నప్పుడు వినిపించండి, అదీ వృథా కాదు. ఫిన్లాండ్‌లో 2008లో వచ్చిన అధ్యయనంలో, స్ట్రోక్ తర్వాత రెండు నెలలు రోజూ తమకు నచ్చిన సంగీతం విన్నవాళ్ళకు మాటల జ్ఞాపకం, ఏకాగ్రత మెరుగ్గా కోలుకున్నాయి.

మూడు నిమిషాల ట్రాకు ఏకబిగిన రికార్డు చేసుకోండి. చిన్న ఎంపీ3 ముక్కను లూప్‌లో పెడితే అతుకు దగ్గర చిన్న ఖాళీ వచ్చి లయ తప్పుతుంది. లూపే కావాలంటే వేవ్ ఫైలు వాడండి. బ్లూటూత్ స్పీకరులో ధ్వని కాస్త ఆలస్యంగా వస్తుంది. రికార్డయిన ట్రాకుకు ఫర్వాలేదు గానీ, దాని మీద మీరు చప్పట్లో కీబోర్డో ప్రత్యక్షంగా వాయించబోతే వైరు స్పీకరే పెట్టండి.

64 కుదురుకున్నాక 5 శాతం పెంచి 67 చేయండి, తర్వాత 70. ప్రతిసారీ 10 మీటర్ల అడుగులు మళ్ళీ లెక్కించండి. ఇది ముఖ్యం. 64 దగ్గర 25 అడుగులు పట్టిందంటే అంగ 40 సెంటీమీటర్లు, నిమిషానికి 25.6 మీటర్లు. 67 దగ్గర 28 పట్టిందంటే అంగ 36కు కుంచించుకుపోయింది, నడక నిమిషానికి 24 మీటర్లకు పడిపోయింది. దెబ్బ అందుకోవాలని గబగబా చిన్న అడుగులు వేస్తున్నారన్నమాట. వెంటనే పాత కాలానికి రండి.

సాధన కుదిరాక, నిమిషం లయ, అర నిమిషం నిశ్శబ్దం ఉన్న ట్రాకు ఒకటి చేయండి. నిశ్శబ్దంలోనూ అదే వేగం నిలిస్తే ఆ నిశ్శబ్దాన్ని పెంచుకోవచ్చు. ఇన్ని చేసినా ఎడమ పాదం వేళ్ళు నేలకు ఈడ్చుకుంటూనే ఉంటే అది లయతో తీరేది కాదు. చీలమండను నిలిపే పట్టీ అవసరమేమో ఫిజియోథెరపిస్టు చూసేదాకా ట్రాకు ఆపేయండి.